పక్కింటి కొరియన్ బామ్మగారు పాడే పాత సినిమా పాట ఏది?

ప్రశ్న: మేం లాస్ ఏంజెలిస్‌లో ఉంటాం. పక్కింటి బామ్మగారు 1970ల్లో సియోల్ నుంచి వచ్చారట, ఎనభై దాటినా రోజూ పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోస్తూ ఒకే పాట పాడతారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా గొంతులో ఆ వణుకు వింటే నా పని ఆగిపోతుంది. అది సినిమా పాటని, చాలా ఏళ్లు రేడియోలో రానివ్వలేదని మాత్రం చెప్పారు. ఏ పాటో ఎవరికైనా తెలుసా?

జవాబు: లీ మిజా పాడిన ‘దోంగ్‌బెక్ అగాస్సీ’ అయ్యుంటుంది. 1964 నాటి సినిమా పాట. జపాన్ బాణీలా ఉందని మరుసటి ఏడాదే ప్రసారం ఆపేశారు, మళ్లీ 1987లోనే అనుమతించారు. కొరియాలో జపాన్ పాలన పోయి అప్పటికి 20 ఏళ్లే, ఆ గాయం మానలేదు మరి. అయినా జనం పాడుకుంటూనే ఉన్నారు. మీరన్న వణుకే ట్రాట్ అనే ఈ పాత కొరియన్ పాటల శైలికి ప్రాణం.

ఇంకో జవాబు: కొరియాటౌన్‌లో నోరేబాంగ్‌లు ఉంటాయి, గంటల లెక్కన గది తీసుకుని పాడుకోవచ్చు. ఒకసారి ఆవిడని తీసుకెళ్లండి, ప్లీజ్.

అడిగినవారు: అదే పాటండీ! ఫోన్‌లో పెట్టగానే నీళ్ల పైపు వదిలేసి, నా చెయ్యి పట్టుకుని చివరిదాకా పాడారు. శనివారం నోరేబాంగ్‌కి వెళ్తున్నాం.