వికలాంగుల సేవలకు కోత వద్దని ఎమ్మెల్యేలను అడుగుదామా? రోడ్లు ఆగినా సరేనా?

మర్రిగూడ మాస్టారు:
బడ్జెట్ సమావేశాలకు ముందే నల్లగొండ, పాలమూరు ఎమ్మెల్యేలందరికీ ఒక వినతిపత్రం ఇద్దామని నా ప్రతిపాదన. ఏ పద్దు తగ్గించినా వికలాంగుల సేవల జోలికి రావద్దని అడుగుదాం. పింఛన్ ఒక్కటే కాదు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, థెరపీ ఇచ్చే భవిత కేంద్రాలు, ఫిజియోథెరపీ, వైకల్య సర్టిఫికెట్ కోసం పరీక్షలు చేసే సదరం క్యాంపులు, మూడు చక్రాల బండ్లు, వినికిడి మిషన్లు అన్నీ కలిపే అంటున్నా. మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంగిపోయే ఫ్లోరోసిస్ జబ్బు సంగతి అందరికీ తెలుసు. మిషన్ భగీరథ తాగునీళ్లు కొత్తగా జబ్బు రాకుండా కాపాడతాయి గానీ, ఇప్పటికే వంగిపోయిన ఎముకలను సరిచేయలేవు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఫ్లోరోసిస్ పేరు లేదు. కాళ్లు, చేతుల వైకల్యం కింద చూపించుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. క్యాంపులే తగ్గిస్తే వీళ్లు ఎక్కడికి పోవాలి?

దేవరకొండ తండా:
మాస్టారూ, కోపం చేసుకోకండి. వృద్ధులకు నెలకు 2,016 పింఛన్ ఇస్తుంటే వికలాంగులకు 4,016 ఇస్తున్నారు, దాన్ని 6,000 చేస్తామని హామీ కూడా ఉంది. మా తండాకు రోడ్డే లేదు. వానాకాలంలో 108 ఊరి బయటే ఆగిపోతుంది. ఒక చేనుకు కంచె వేస్తే గొడ్లు పక్క చేనులో పడతాయి, అంతే. మీ పద్దును ముట్టుకోవద్దంటే కోత మా రోడ్డుకే పడుతుంది. దొంగ సర్టిఫికెట్ల సంగతి కూడా తేల్చాలి.

నారాయణపేట అమ్మ:
అన్నా, పింఛన్ లెక్క మీరు చెప్పారు కాబట్టి నేనూ ఒకటి చెప్తా. అదే 2016 చట్టం, వికలాంగులకు ఇచ్చే సాయం మిగతావాళ్లకన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలంటుంది. కేంద్రం తన వాటాగా ఇచ్చేది నెలకు 300. అదీ 80 శాతం వైకల్యం ఉన్న పేదలకే, 2012 నుంచి అంతే. మా బాబుకు సెరిబ్రల్ పాల్సీ. భవిత కేంద్రానికి ఆటో కిరాయి పెట్టి తీసుకెళ్తాం, ఆ రోజు నా కూలి పోతుంది. పిల్లాడికి తోడు వెళ్లేవాళ్లకు ఎస్కార్ట్ అలవెన్స్ వస్తుందని పేరే గానీ, ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. రోడ్డు మీకు ఎంత అవసరమో మాకూ అంతే, ఆటో ఆ రోడ్డు మీదే పోవాలి కదా.

ఫిజియో, మహబూబ్‌నగర్:
అక్క చెప్పినదానికి ఒక మాట. ఇలాంటి పిల్లలకు వ్యాయామం కొన్ని నెలలు ఆగితే కండరాలు బిగుసుకుపోయి కీళ్లు వంగిన చోటే ఉండిపోతాయి. ముదిరితే ఆపరేషనే దిక్కు. రోడ్డు ఒక ఏడాది ఆలస్యమైతే మరుసటి ఏడాది వేయొచ్చు. పిల్లవాడి మోకాలు అలా కాదు. భవిత కేంద్రాల్లో చెప్పే ప్రత్యేక టీచర్లు (ఐఈఆర్పీలు) సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద కాంట్రాక్టు ఉద్యోగులు. 2024 డిసెంబర్‌లో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడైనా ఈ పిల్లల గురించి ఎంతమంది మాట్లాడారు?

పాత ట్రెజరీ మనిషి:
ఇద్దరూ బడ్జెట్ పుస్తకంలో అంకె తగ్గుతుందేమోనని కొట్లాడుతున్నారు. కోత అక్కడ పడదు. పుస్తకంలో అంకె నిండుగానే కనిపిస్తుంది. ఆ తర్వాత విడుదల ఉత్తర్వు రావాలి, ట్రెజరీలో బిల్లు పెట్టాలి, దానికి టోకెన్ నంబర్ పడాలి, డబ్బు జమ కావాలి. వీటిలో ఎక్కడైనా ఆగొచ్చు. మార్చి 31 దాటిందంటే మిగిలింది మురిగిపోయినట్లే. ఏ మంత్రీ 'కోత పెట్టాం' అనడు, అనాల్సిన అవసరమే ఉండదు.

పైగా రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం సభ పద్దును ఆమోదించగలదు, తిరస్కరించగలదు, తగ్గించగలదు. పెంచే అధికారం లేదు. కాబట్టి 'నిధులు పెంచండి' అని ఎమ్మెల్యేకు రాస్తే ఆయన దండం పెట్టి, ఫొటో దిగి పంపిస్తాడు. అడగాల్సింది వేరు: గత ఏడాది ఈ పద్దు కింద ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, మన జిల్లాలో ఎంత ఖర్చయింది? సభలో ప్రశ్నగా వేయమనండి. లిఖితపూర్వకంగా జవాబు వస్తే దాన్ని దాచలేరు.

మర్రిగూడ మాస్టారు:
ఇది బాగుంది. 'కోత వద్దు' అనే మాట తీసేయను గానీ, దాని కింద ఈ మూడు ప్రశ్నలు పెడతా. థెరపీ బిల్లులు, ఎస్కార్ట్ అలవెన్స్ మిగతా బిల్లుల వరుసలో ఆగకుండా నేరుగా, అంటే గ్రీన్ చానెల్‌లో, చెల్లించాలని కూడా రాస్తా.

దేవరకొండ తండా:
విడుదల లెక్క అడగడానికి నాకు అభ్యంతరం లేదు, మా రోడ్డుకూ అదే రోగం. సంతకం పెడతా. కానీ సర్టిఫికెట్లు తనిఖీ చేయాలని ఒక వాక్యం చేర్చాలి.

నారాయణపేట అమ్మ:
తనిఖీ అంటే మంచం మీద ఉన్నవాళ్లను మళ్లీ జిల్లా ఆస్పత్రికి మోసుకురావడమేనా? డాక్టర్లే ఇంటికి వస్తారని రాస్తే నేనూ ఒప్పుకుంటా. లేదంటే ఆ వాక్యం వద్దు.

దేవరకొండ తండా:
ఇంటికొచ్చే డాక్టర్‌కు పెట్రోల్ డబ్బులు ఏ పద్దులో ఉన్నాయో ముందు ట్రెజరీ సారును చెప్పమనండి.