పొద్దు పెరిగాక పిల్లలు రాత్రి పడుకోవడం లేదు, మీ ఇళ్లలో ఎలా?

చిన్నూ వాళ్లమ్మ:
అందరికీ నమస్తే. మాకు ఇద్దరు. బాబుకి నాలుగేళ్లు నిండాయి, పాపకి ఏడాదిన్నర. చలికాలమంతా ఏడున్నర, ఎనిమిదికల్లా ఇద్దరూ పడుకునేవాళ్లు, ఆ తర్వాత ఇల్లు సర్దుకుని మేమిద్దరం కాసేపు మాట్లాడుకునే తీరికైనా ఉండేది. చలి తగ్గి పొద్దు సాగే కొద్దీ ఆ లెక్కంతా తప్పింది. ఇప్పుడు తొమ్మిది దాటినా బాబు కళ్లింత చేసుకుని కూర్చుంటున్నాడు. పడుకో నాన్నా అంటే కిటికీ దగ్గరికి పరుగెత్తి, కర్టెన్ పక్కకు లాగి, "చూడు, ఇంకా వెలుగుందిగా! చీకటి పడితేనే పడుకోవాలని నువ్వే అన్నావుగా" అంటాడు. వాడి మాటకి నా దగ్గర జవాబు లేదు. పొద్దున ఆరున్నరకి బడికి లేపాలి, లేపితే ఏడుపు.

ఇంకోటి, సాయంత్రం బయటికి తీసుకెళ్తే తిరిగి లోపలికి రాడు. మొన్న గోడ పక్కన గొంతుక్కూర్చుని చీమల బారు చూస్తున్నాడు, నాలుగైదు చీమలు కలిసి ఏదో పురుగు రెక్కని నిలువుగా ఎత్తి పట్టుకుని లాక్కెళ్తున్నాయి. అది కన్నంలోకి వెళ్లేదాకా చూడాలంటాడు. రెక్క కన్నంలో పట్టదు, వాడు కదలడు, చంకలో పాపేమో ఆకలికి ఏడుపు. చివరికి ఎత్తుకుని తెచ్చేశాను, అరగంట దొర్లి దొర్లి ఏడ్చాడు. ఆ ఏడుపు తర్వాత నిద్ర ఇంకా దూరం. సాయంత్రం బయటికి వెళ్లడమే మానేయాలా? లేక పడుకునే టైమే ఒక గంట జరిపేయాలా? పైగా ఈమధ్య పొద్దున లేవగానే వాడికి వరసగా తుమ్ములు, జ్వరం మాత్రం లేదు. మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారో చెప్పండి ప్లీజ్.

తెల్లకాగితం:
సిస్టర్, ముందు ఒక మాట. వాడు మొండికేయడం లేదు, వాడికి నిజంగానే నిద్ర రావట్లేదు. నిద్ర రావాలంటే ఒంట్లో మెలటోనిన్ అనే హార్మోన్ పెరగాలి, కంట్లో ఎక్కువ వెలుతురు పడుతున్నంతసేపూ అది సరిగా పెరగదు. చిన్నపిల్లల్లో ఈ ప్రభావం మరీ ఎక్కువ. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 3 నుంచి 5 ఏళ్ల పిల్లల్ని పడుకునే ముందు ఒక గంట, కింద నుంచి వెలుగొచ్చే బల్ల మీద ఆడించారు. మెలటోనిన్ 88 శాతం పడిపోయింది, వెలుగు తీసేశాక 50 నిమిషాలకి చూసినా చాలామందిలో కోలుకోలేదు. చూసింది పదిమంది పిల్లల్నే, చిన్న అధ్యయనమే, కానీ మన ఇళ్లలో రోజూ కనిపించేది కూడా అదే కదా.

కాబట్టి "పడుకో పడుకో" అని వాడితో పోట్లాడే బదులు ఇంట్లో వెలుతురు తగ్గించండి. పడుకోవాల్సిన టైముకి గంట ముందే కర్టెన్లు మూసేయండి. పల్చటి కర్టెన్లయితే లోపలివైపు ఒక ముదురు రంగు దుప్పటి క్లిప్పులతో తగిలించినా చాలు, కొత్తవేమీ కొనక్కర్లేదు. ట్యూబులైట్ ఆపేసి మూలకి ఒక చిన్న పసుపు లైటు. టీవీ, ఫోన్ కనపడకూడదు, మీ చేతిలో కూడా. స్నానం, భోజనం, కథ రోజూ ఒకే వరసలో సాగాలి. మా అమ్మాయికి "చీకటి పడితే పడుకోవాలి" అనే మాటే ఎప్పుడూ చెప్పలేదు, "కథ అయిపోతే పడుకోవాలి" అని చెప్పాం. అందుకే కిటికీ బయట ఏముందో దానికి పట్టదు.

పొద్దున మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా. లేవగానే కర్టెన్లన్నీ తీసేసి వెలుగులోకి తీసుకెళ్లండి. పొద్దున వెలుతురు పడితే రాత్రి నిద్ర ముందుకొస్తుంది. నాలుగైదు రోజుల్లో తేడా రాకపోతే మానేయకండి, వారం పది రోజులు ఓపిక పట్టాలి.

ముగ్గురి తల్లి:
నాకు ఇంత కట్టుదిట్టం అవసరం అనిపించదు. వసంతం ఉండేదే కొన్ని వారాలు, బయట అంత హాయిగా ఉంటే కర్టెన్లు మూసి చీకట్లో కూర్చోబెట్టడమేంటి? మా ఇంట్లో ఈ కాలంలో పడుకునే టైము ఒక అరగంట వెనక్కి జరుగుతుంది, జరగనిస్తాం. ఎనిమిదిన్నరకి పడుకుంటే కొంపలేం మునగవు. ఒక్కసారిగా గంట కాదు, రెండు మూడు రోజులకోసారి పది పదిహేను నిమిషాల చొప్పున జరపండి, పిల్లలకి తెలియను కూడా తెలియదు.

నేను ఇంకొకటి అడుగుతా, పాప మధ్యాహ్నం ఎప్పుడు పడుకుంటోంది? చంటిపిల్ల నాలుగు దాటాక కూడా నిద్రపోతుంటే రాత్రి పది వరకూ ఆడుతుంది, దాన్ని చూసి పెద్దాడు ఆడతాడు. మా మూడోదాని విషయంలో అసలు కిటుకు అక్కడే దొరికింది. మధ్యాహ్నం భోజనం కాగానే పడుకోబెట్టి మూడుకల్లా లేపేస్తే రాత్రి ఇద్దరూ ఒకేసారి వాలిపోయేవాళ్లు.

తెల్లకాగితం:
ముగ్గురి తల్లి గారూ, మధ్యాహ్నం నిద్ర గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, నేనది రాయనేలేదు. కానీ టైము జరపడం వీళ్ల ఇంట్లో కుదరదండీ, బడి ఉందిగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో 3, 4 ఏళ్ల పిల్లలకి రోజు మొత్తం మీద 10 నుంచి 13 గంటలు, ఏడాది రెండేళ్ల వాళ్లకి 11 నుంచి 14 గంటల నిద్ర ఉండాలని ఉంది, పగటి కునుకుతో కలిపే. తొమ్మిదింబావుకి పడుకుని ఆరున్నరకి లేస్తే బాబుకి తొమ్మిదింబావు గంటలే. బడిలో కునుకు లేకపోతే రోజూ ముప్పావుగంట తక్కువన్నమాట. ఎనిమిదిన్నరకి నిద్రపోయినా సరిగ్గా పది గంటలు, కింది అంచు మీద ఉంటాడు. సెలవులైతే మీ పద్ధతే హాయి.

సాయంత్రం డ్యూటీ నాన్న:
సాయంత్రం బయటికి వెళ్లడం మాత్రం దయచేసి మానకండి అక్కా. ఆ ఒక్క మాటకే లాగిన్ అయ్యాను. మా ఇంట్లో సాయంత్రాలు పిల్లలు నా దగ్గరే, వాళ్ల అమ్మది సాయంత్రం షిఫ్టు. బయట తిరిగొచ్చిన రోజు పిల్లలు ఎలా ఉంటారో, లోపలే ఉన్న రోజు ఎలా ఉంటారో నాకు బాగా తెలుసు. కళ్లకీ మంచిదే. చైనాలో గ్వాంగ్‌జౌ నగరంలో ఆరేడేళ్ల పిల్లల్ని బడిలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచి మూడేళ్లు చూశారు. వాళ్లలో కొత్తగా దూరపు చూపు మసకబారినవాళ్లు 30 శాతం, మామూలు బళ్లలో దాదాపు 40 శాతం. 2015లో వచ్చింది ఆ అధ్యయనం.

వెళ్లడం మానక్కర్లేదు, వచ్చే పద్ధతి మారిస్తే చాలు. "ఇంక ఐదు నిమిషాలే" అంటే నాలుగేళ్ల వాడికి ఐదు నిమిషాలంటే ఏంటో తెలియదు. లెక్కపెట్టగలిగే పని చెప్పాలి. "ఇంకో మూడుసార్లు జారుడుబండ ఎక్కి దిగు, తర్వాత వెళ్దాం" అంటే వాడే వేళ్లు మడుస్తాడు. చీమల లాంటిదైతే ఇంకా సులువు, "రేపు పొద్దున బడికెళ్లేటప్పుడు వచ్చి రెక్క లోపలికి వెళ్లిందో లేదో చూద్దాం" అనండి. కానీ అన్నాక పొద్దున ఖచ్చితంగా ఆగి చూపించాలి, ఎంత ఆలస్యమైనా సరే. ఒక్కసారి మాట తప్పితే రెండోసారి పని చేయదు. ఇంటికొస్తే వాడికో పని ఉండాలి, తాళం వాడి చేత తీయించడం, బకెట్లో నీళ్లు పట్టించడం, చెల్లి చెప్పులు విప్పడం. మా చిన్నోడు ఏరుకొచ్చిన రాళ్లు, ఎండిన కాయలు పెట్టుకోవడానికి గుమ్మం దగ్గర ఒక అట్టపెట్టె ఉంచాం. వాటిని అందులో సర్దుకోవాలనే ఆత్రంతోనే లోపలికి వస్తాడు.

ఒకటి, ఆకలి వేళకి ముందే వెళ్లి రండి. ఆకలి, అలసట కలిసొచ్చాయంటే ఏ కిటుకూ పని చేయదు, ఎత్తుకుని రావడమే.

పిల్లల వార్డు నర్సు:
తుమ్ముల సంగతి ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేను చెప్తాను, ఎందుకంటే నిద్రకీ దీనికీ కూడా లింకుంది. ముక్కు దిబ్బడేసిన పిల్లలు నోటితో గాలి పీలుస్తూ అటూఇటూ దొర్లుతారు, నిద్ర చాలక పగలు చిరాకు.

జలుబైతే మామూలుగా వారం పది రోజుల్లో పోతుంది, ముక్కు నీళ్లు చిక్కబడతాయి, కాస్త ఒళ్లు వెచ్చబడొచ్చు. అలర్జీ అయితే జ్వరం ఉండదు, ముక్కు నీళ్లు పల్చగా నీళ్లలాగే కారుతుంటాయి, కళ్లు, ముక్కు దురద. పిల్లాడు అరచేత్తో ముక్కుని కింద నుంచి పైకి రుద్దుకుంటున్నాడేమో గమనించండి, అది మంచి గుర్తు. ఈ కాలంలో చెట్ల పుప్పొడి గాల్లో ఎక్కువ. చాలామంది రంగురంగుల పూలని అనుమానిస్తారు కానీ వాటి పుప్పొడి ఎక్కువగా పురుగులే మోస్తాయి, తుమ్ములు తెప్పించేది గాలికి ఎగిరేది, కంటికి ఆనని పూలు పూసే చెట్లది, గడ్డిది. రెండేళ్ల లోపు పిల్లల్లో ఈ కాలపు అలర్జీ అరుదు, కాబట్టి పాపకి కూడా తుమ్ములొస్తే ముందు జలుబనే అనుకోండి.

బయట నుంచి రాగానే ఒంటి మీద బట్టలు మార్చేసి మొహం, చేతులు కడగండి, ఆ బట్టలతో పక్క మీదకి ఎక్కనివ్వకండి. వీలైతే స్నానం రాత్రికి పెట్టుకోండి, తలలో ఉన్న పుప్పొడి దిండుకి అంటుకోదు. గాలి ఎక్కువున్న రోజు దుప్పట్లు, దిండు గలేబులు బయట ఆరేయకండి. మెడికల్ షాపులో అడిగి జలుబు సిరప్ మాత్రం తెచ్చి వేయొద్దు. కొన్ని మందులు మత్తుగా ఉంచుతాయి, కొందరు పిల్లల్ని అదే మందు నిద్రపోనివ్వదు. తుమ్ములు రెండు వారాలు దాటినా, రాత్రిళ్లు దగ్గు మొదలైనా డాక్టర్‌కి చూపించండి. పిల్లికూతలు వినిపించినా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా అదే రోజు, ఆగకుండా వెళ్లాలి.

చిన్నూ వాళ్లమ్మ:
అందరికీ చాలా చాలా థాంక్స్. నర్సు గారూ, మీరు చెప్పాక చూశాను, అరచేత్తో పైకి రుద్దుకోవడం అచ్చం అలాగే చేస్తున్నాడు. ఎల్లుండి డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. పాప నిద్ర కూడా నాలుగున్నర దాకా సాగుతోంది, రేపటి నుంచి ముందుకి జరుపుతాను. ఒక్క డౌట్. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేది ఎనిమిదికి, అప్పటికి లైట్లు తగ్గించి పడుకోబెడితే నాన్నని చూడనే చూడరు. వాళ్లకీ బెంగ, ఆయనకీ బెంగ. దీనికేం చేయాలి?

సాయంత్రం డ్యూటీ నాన్న:
అక్కా, కథ ఆయనకి వదిలేయండి. స్నానం, భోజనం మీరు ముందే కానిచ్చేసి, ఆయన రాగానే చేతులు కడుక్కుని నేరుగా పసుపు లైటు దగ్గరికి వచ్చి కథ చెప్పాలి, ఎగరేయడాలు, కితకితలు రాత్రిపూట వద్దు. అవన్నీ పొద్దున పెట్టుకోవచ్చు. బడికి తయారయ్యాక ఆయనే వాడిని తీసుకుని బయటికి వెళ్తే వెలుతురూ పడుతుంది, నాన్నతో పదిహేను నిమిషాలూ దొరుకుతాయి. చీమల దగ్గర ఆగాల్సిన డ్యూటీ కూడా ఆయనకే ఇచ్చేయండి.