లెడ్ నైట్రేట్‌కి బ్రౌన్ రింగ్ నిలవడం లేదు, ఎక్కడ తప్పుతోంది?

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఇచ్చే లెడ్ నైట్రేట్ లవణం గురించి అడుగుతున్నాను. లవణంతో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, రాగి ముక్కలు వేసి వేడిచేస్తే ఎర్రటి గోధుమరంగు వాయువు బాగానే వస్తోంది. చిక్కంతా నైట్రేట్‌ని నిర్ధారించే బ్రౌన్ రింగ్ పరీక్షలోనే, అంటే ఫెర్రస్ సల్ఫేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో గోధుమరంగు వలయం చూపించడంలోనే.

నీటి ద్రావణంతో నేరుగా చేస్తే లెడ్ సల్ఫేట్ తెల్లగా అవక్షేపించి, రింగ్ రావాల్సిన చోటంతా పాలలా కమ్మేస్తుంది. అందుకని 0.5 గ్రా. లవణం, 1.5 గ్రా. సోడియం కార్బొనేట్, 15 మి.లీ. స్వేదనజలం కలిపి పది నిమిషాలు మరిగించి వడగట్టాను. ఆ ఎక్స్‌ట్రాక్ట్ 2 మి.లీ. తీసుకుని సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తటస్థం చేసి, అప్పటికప్పుడు కలిపిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం 2 మి.లీ. పోశాను. టెస్ట్ ట్యూబ్ వంచి గాఢ ఆమ్లాన్ని గోడవెంట జార్చగానే రెండు పొరల మధ్య సన్నని గోధుమ గీత కనబడుతుంది. అంతలోనే అడుగునుంచి బుడగలు లేచి గీత చెదిరిపోతుంది, ద్రావణమంతా లేత గోధుమరంగుకి తిరుగుతుంది.

కార్బొనేట్ ఇంకా మిగిలి ఉండటమే కారణమని నా అనుమానం. వేడికి కూడా గోధుమ గీతనిచ్చే ఆ సంక్లిష్టం (ఇనుము, నైట్రిక్ ఆక్సైడ్ కలిసిన పదార్థం) విడిపోతుంది కదా!

బుడగలు ఆగితే చాలా, నీలి లిట్మస్ ఎర్రబడేదాకా ఆమ్లం పోయాలా? ట్యూబ్‌ని ముందే చల్లటి నీళ్లలో ఉంచితే గీత నిలుస్తుందా? సోడియం హైడ్రాక్సైడ్, జింక్ పొడితో మరిగించి నైట్రేట్‌ని అమ్మోనియాగా మార్చి చూపించే పద్ధతిని నిర్ధారణగా రాయొచ్చా? లవణంలో అమ్మోనియం లేదని ముందే తేల్చాను. చేయించిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.