అరుగా, తరుగా? రేసు కారు కింది చెక్కకి ఏ మాట వాడాలి?

అమలాపురం నుంచి ప్రశ్న
2025 లాస్ వేగాస్ ఫార్ములా వన్ కార్ల రేసులో మెక్‌లారెన్ జట్టు డ్రైవర్లు నోరిస్, పియాస్ట్రి ఇద్దరి ఫలితాలూ కొట్టేశారు కదండీ, కారు కింది ప్లాంక్ మందం తగ్గిందని. దీన్ని తెలుగులో రాయాలంటే ‘తరుగుదల’ అనాలా, ‘అరుగుదల’ అనాలా? ‘మోసం’ అంటే మరీ ఎక్కువవుతుందా?

తణుకు
అరుగుదలేనండి, అనుమానం అక్కర్లేదు. రాపిడికి పోయేది అరుగు. సాన మీద గంధం చెక్క అరుగుతుంది, తిరిగి తిరిగి చెప్పులు అరుగుతాయి. తరుగు తూకానికి సంబంధించిన మాట. ధాన్యం ఆరితే తరుగు, నగ చేస్తే తరుగు.

ప్లాంక్‌ని పలక అనకండి, చక్కగా ‘చెక్క’ ఉందిగా. కారు అడుగున ఇది ఉండాలన్న నిబంధన 1994లో తెచ్చినప్పుడు పెట్టింది నిజంగా చెక్కే, బీచ్ కలప పొరలు అతికించి చేసిన జాబ్రాక్. కొత్తది 10 మి.మీ. ఉంటుంది, రేసయ్యాక 9కి తగ్గకూడదు. ఎక్కడ పడితే అక్కడ కొలవరు, అందుకోసం పెట్టిన రంధ్రాల అంచున కొలుస్తారు. కారు నేలకి దగ్గరయ్యే కొద్దీ అడుగున పోయే గాలి దాన్ని కిందికి లాగి పట్టి ఉంచుతుంది, మలుపుల్లో వేగం నిలుస్తుంది. అందుకే ఎత్తు తగ్గించడానికి అందరికీ ఆశ, మరీ తగ్గిస్తే చెక్క అరిగి పట్టిస్తుంది. రోడ్డు గతుకులుగా ఉన్నా, కారు అనుకోకుండా పైకీ కిందకీ ఊగినా చెక్క నేలకి రాసుకుంటుంది. నోరిస్ కారుది ఒక చోట 8.88 మి.మీ. వచ్చింది, పియాస్ట్రిది 8.74. నోరిస్‌ది 0.12 తేడా. ‘వెంట్రుకవాసి’ అనే మాట అక్షరాలా అతికే చోటు ఇదే కాబోలు!

భీమవరం
తణుకు గారూ, రెండు మాటలూ ఒకే కారులో కలిసిన సందర్భం ఉందండి. 2024 బెల్జియం రేసులో రస్సెల్ మొదట వచ్చాడు. అప్పట్లో కారు కనీస బరువు, పెట్రోలు కాకుండా, 798 కిలోలు. తూస్తే సరిగ్గా సరిపోయింది. ట్యాంకులో మిగిలిన 2.8 లీటర్ల పెట్రోలు తోడేసి మళ్లీ తూస్తే 796.5. గెలుపు పోయింది. ఒక్కసారే టైర్లు మార్చి ఈడ్చుకొచ్చాడు, రబ్బరు బాగా అరిగి ఆ మేరకు బరువు తగ్గి ఉంటుందని అనుకున్నారు. పైగా ఆ ట్రాక్‌లో రేసయ్యాక పూర్తి చుట్టు తిరగనివ్వరు. తిరిగితే రోడ్డు పక్కన పడి ఉన్న రబ్బరు ముక్కలు టైర్లకి అంటుకుని కొంత బరువు తిరిగొచ్చేది. కనుక టైరుది అరుగు, కారుది తరుగు.

‘మోసం’ మాత్రం వద్దు. లాస్ వేగాస్‌లో కావాలని చేసింది కాదని తీర్పులోనే ఒప్పుకున్నారు. అయినా శిక్ష తగ్గలేదు, ఎందుకంటే నిబంధన అడిగేది మందమే, మనసు కాదు. 2005లో ఇటలీలోని ఇమోలా రేసులో బార్ (BAR) అనే జట్టు సంగతి వేరు. ట్యాంకు లోపలి అరలో మిగిలిన పెట్రోలు కూడా తోడి తూస్తే కారు అప్పటి కనీస బరువు 600 కిలోలకి 5 కిలోలకు పైగా తక్కువ. కావాలని చేశారని అప్పీలు కోర్టు తేల్చలేకపోయినా, ఆ ఫలితం కొట్టేసి, మరో రెండు రేసులు ఆడనివ్వలేదు. ‘దొంగతూకం’ అని నోటిదాకా వచ్చేది అలాంటి చోట, అక్కడ కూడా ఆచితూచి వాడాలి.

రావులపాలెం
కొలత గురించి పేచీ లేదండి. అసలు పేచీ ఎవరిది కొలిచారన్న దాంట్లో. 2023లో అమెరికాలోని ఆస్టిన్ రేసులో 20 కార్లు బయలుదేరితే చెక్క కొలిచింది నాలుగింటికే. వెర్‌స్టాపెన్, నోరిస్ నెగ్గుకొచ్చారు. రెండో స్థానంలో వచ్చిన హామిల్టన్, ఆరో స్థానంలో వచ్చిన లెక్లెర్క్ పోయారు. సగానికి సగం తప్పితే మిగతావి ఎందుకు చూడలేదు? అదే జట్ల రెండో కార్లు, హామిల్టన్ జట్టులో రస్సెల్‌దీ, లెక్లెర్క్ జట్టులో సైన్జ్‌దీ, చూడనే లేదు. గంటసేపు ప్రాక్టీసు అవగానే సెట్టింగులు మార్చకూడదన్న వారం అది, అంచనా తప్పే అవకాశం అందరికీ ఉంది. దీన్ని ‘మచ్చు తనిఖీ’ అనొచ్చా?

తణుకు
అనకూడదండి. కొనుగోలు కేంద్రంలో గొట్టం గుచ్చి మచ్చు తీస్తే ఆ గుప్పెడు గింజలు రాశి మొత్తానికి సాక్ష్యం. తేమ 17 శాతం దాటిందంటే పేచీ కళ్లం మొత్తానికి. ఇక్కడ సాక్ష్యం ఆ బస్తా వరకే. అదే కళ్లంలోంచి వచ్చిన పక్క బస్తా దర్జాగా బండెక్కింది. మచ్చు అన్న మాటకి ఉన్న న్యాయం ఇందులో లేదు. ‘చీటీ తనిఖీ’ అనండి, ఎవరి పేరున చీటీ పడితే వాళ్లకే కొలత.

అన్నీ చూడాలంటే ప్రతి కారూ అడుగు విప్పి కొలవాలి, ఆ రాత్రే సామాను సర్దుకుని ఇంకో దేశం బయలుదేరాలి. ఆ ఇబ్బంది నిజమే. కానీ ఒక కారు తప్పితే అదే జట్టు రెండో కారు తప్పనిసరిగా చూడాలని పెట్టడానికి అంత సమయం పట్టదు.

అమలాపురం
మరి ‘అనర్హత వేటు’ అని రాస్తారు కదండీ?

భీమవరం
అనర్హత అంటే మనిషికి తగిలేలా ఉంది. ‘ఫలితం రద్దు’ చాలండి. డ్రైవరు తర్వాతి రేసులో మామూలుగానే దిగుతాడు.