పాట్రిక్స్ డే నాడు పిల్లాజెల్లాతో పబ్‌కా? (డబ్లిన్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి)

క్లోంటార్ఫ్_కాకినాడ · ఫిబ్రవరి 20, రాత్రి 9:12
అందరికీ నమస్తే. మార్చి 17 మంగళవారం సెయింట్ పాట్రిక్స్ డే, ఐర్లండ్ అంతా సెలవు. 19 గురువారం ఉగాది, ఆఫీసు. ఈసారి రెండూ కలిపి ఒక పూట కలుద్దామని నా ఆలోచన. పోయినేడు ఏమైందో గుర్తుంది కదా? పన్నెండింటి పరేడ్ కోసం పదింటికే డేమ్ స్ట్రీట్‌లో నిలబడ్డాం. మా చిన్నాడికి ముందువాళ్ళ జాకెట్లు తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత ఆరుగురు పిల్లల్ని వేసుకుని బాత్రూం కోసం నాలుగు వీధులు తిరిగాం.
మా ఇంటి దగ్గరి పబ్‌లో మేడమీద గది అడిగాను. ఒంటిగంట నుంచి ఐదు దాకా ఇస్తానన్నాడు. అద్దె లేదు, తిన్నదానికే బిల్లు. పన్నెండు కుటుంబాలు పడతాయి. పిల్లలు పెద్దవాళ్ళతో ఉంటే రాత్రి తొమ్మిది దాకా చట్టమే ఒప్పుకుంటుంది. సూప్, సోడా బ్రెడ్, ఫిష్ అండ్ చిప్స్, ల్యాంబ్ స్టూ ఉంటాయి. ఉగాది పచ్చడి డబ్బాలో తెచ్చుకుంటామంటే సరేనన్నాడు. ఎవరెవరు వస్తారు?

ఐదుగురం_ఒకే_రూం · 9:20
మేం ఐదుగురం. బిల్లు ఎలా పంచుతారో ముందే చెప్పన్నా. తాగనోళ్ళం ముగ్గురం ఉన్నాం.

లూకన్_బాబాయ్ · 10:05
పచ్చడి పబ్‌లోనా? వేపపువ్వు గిన్నె పక్కన గిన్నిస్ బీరు గ్లాసా? బాగుంది నాయనా.
నేను 2003 నుంచి ఇక్కడున్నాను. ఇది ఒక సాధువు పండగ. ఆయన పోయిన రోజని చెప్పి మార్చి 17న చేస్తారు. మా పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి. ఇప్పటికీ ఆ రోజు పొద్దున్నే చర్చికి వెళ్తుంది, కోటుకి షామ్‌రాక్ ఆకులు గుచ్చుకుని వస్తుంది, బేకనూ క్యాబేజీ వండుకుంటుంది, అంతే. ఆవిడ చిన్నప్పుడు ఆ రోజు పబ్‌లు మూసేవాళ్ళు. ఏదో ఆచారం కాదు, చట్టం. 1920ల్లో తెచ్చారు, 1960లో తీసేశారు. పండగంటే తాగుడు అన్న వేషాలన్నీ అమెరికా నుంచి వచ్చినవే. సాయంత్రం ఆరు దాటాక పబ్‌లన్నీ ఉండే టెంపుల్ బార్ వీధుల వైపు వెళ్ళి చూడండి, కాలు పెట్టే చోటుండదు. ఎందుకుండదో ఆడపిల్లలు చదివే చోట రాయలేను.

క్లోంటార్ఫ్_కాకినాడ · 10:31
బాబాయ్ గారూ, నేను టెంపుల్ బార్ అన్నానా? పింటుకి పది యూరోలు పోసి టూరిస్టుల మధ్య నిలబడే సరదా నాకూ లేదు. మాది వీధి చివర పబ్. మధ్యాహ్నం పూట అక్కడ ముసలివాళ్ళు పేపర్ చదువుకుంటారు.
చట్టం సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. ఆ రోజుల్లో మార్చి 17న డబ్లిన్‌లో మందు దొరికే చోటని పేరుపడింది ఆర్‌డీఎస్ (రాయల్ డబ్లిన్ సొసైటీ) మైదానంలో జరిగే కుక్కల ప్రదర్శన. ఊళ్ళో పెద్దమనుషులందరికీ ఆ ఒక్కరోజు కుక్కల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టేదట. మూసేస్తే మానేశారనుకోకండి. షామ్‌రాక్ ఆకుని ఆఖరి గ్లాసులో ముంచి తాగడం కూడా ఇక్కడి పాత అలవాటే. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాసాల నడిమధ్యలో వచ్చే పండగ అది. కాస్త సడలింపు ఇచ్చుకునేవాళ్ళు.
అమెరికా నుంచి వచ్చిందంటే తప్పా? మీరు ఏటా పిల్లల్ని తీసుకెళ్ళే పరేడ్ ఎక్కడిది మరి? బోస్టన్‌లో 1737లోనే చేశారు, న్యూయార్క్‌లో 1762లో ఊరేగారు. డబ్లిన్‌లో ప్రభుత్వం పరేడ్ పెట్టింది 1931లో. ఇప్పుడు చూసే ఈ నాలుగైదు రోజుల ఫెస్టివల్ 1996లో మొదలైంది. అది ముద్దు, ఇది చేదా?

నేపర్‌విల్_నుంచి · ఫిబ్రవరి 21, తెల్లవారు 3:15
మా షికాగోకి రండి, పండగకి నదే ఆకుపచ్చ. 1962 నుంచి ప్లంబర్ల యూనియన్ వాళ్ళు రంగు కలుపుతారు. మొదటిసారి వంద పౌండ్లు పోస్తే వారం దాకా వదల్లేదట. హ్యాపీ సెయింట్ పాటీస్ డే ఇన్ అడ్వాన్స్!

డ్రమ్‌కాండ్రా_డింకీ · 7:50
పాటీ కాదండీ, పాడీ. పాట్రిక్‌కి ఐరిష్ పేరు పాడ్రిగ్, అందులోంచి వచ్చింది. పాటీ అంటే బర్గర్‌లో పెట్టేది. ఆఫీసులో ఒకసారి పాటీస్ అన్నందుకు మా మేనేజర్ వారం రోజులు ఆటపట్టించాడు.

స్వోర్డ్స్_పప్పుచారు · 8:40
నాకు మందు గొడవతో పని లేదు. శాకాహారులకి ఏముందక్కడ? గిన్నిస్‌లో చేప తిత్తి వాడతారని అందరికీ తెలుసు. మరి చిప్స్? చేప వేయించిన నూనెలోనే కదా వేసేది? పోయిన క్రిస్మస్‌కి మా టీమ్ డిన్నర్‌లో నాకు దక్కింది గడ్డి లాంటి సలాడ్, 24 యూరోలు.

క్లోంటార్ఫ్_కాకినాడ · 9:02
చేప తిత్తి ఇప్పుడు లేదు. వడకట్టే పద్ధతి మార్చి దాదాపు పదేళ్ళవుతోంది. నూనె సంగతి అడిగి చెప్తా. సూప్ వెజ్.

స్వోర్డ్స్_పప్పుచారు · 9:10
సూప్‌లో చికెన్ నీళ్ళు పోయరని ఏంటి నమ్మకం?

లూకన్_బాబాయ్ · 9:44
కుక్కల ప్రదర్శనకి నూట్లో ఒకడు వెళ్ళి ఉంటాడు. మిగతా తొంభైతొమ్మిది మంది ఇంట్లోనే ఉన్నారు కదా. అదే నేనంటున్నది. 1898లో మొదలైన పయనీర్ సంఘం వాళ్ళు చుక్క ముట్టమని ఒట్టేసి కోటుకి బిళ్ళ పెట్టుకునేవాళ్ళు, మా పక్కింటావిడ మొగుడూ పెట్టుకున్నాడు. వాళ్ళు ఐరిష్ వాళ్ళు కారా? మనవాళ్ళకి మాత్రం ఐరిష్ అనగానే గ్లాసే కనిపిస్తుంది.
చట్టం ఏ సంవత్సరం వచ్చిందో మీరు తప్పు పట్టలేదు గమనించారా.

క్లోంటార్ఫ్_కాకినాడ · 9:58
చట్టం ఉండేదని నేను ముందే ఒప్పుకున్నా బాబాయ్ గారూ! అది పోయి అరవై అయిదేళ్ళయిందనే అంటున్నా.

లూకన్_బాబాయ్ · 10:06
పోయినంత మాత్రాన మంచిదైపోదు.

ఓరుగల్లు_సిస్టర్ · 11:30
నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చదివిన. నేను ఎమర్జెన్సీల పనిచేస్త. 17 రాత్రి ఎట్లుంటదో మీ ఇద్దరికన్న నాకే బాగ తెలుసు. గాజు గుచ్చుకున్న చేతులు, పగిలిన పళ్ళు, ఆకుపచ్చ విగ్గు పెట్టుకుని బకెట్‌ల కక్కే పిల్లలు. అయినా చెప్తున్న, పగటిపూట నాలుగ్గంటలు కూసొని అన్నం తినుడుకు, దీనికి సంబంధం లేదు.
ఇంకొక మాట. ఇంట్ల ఉగాది అంటే ఏందో నాకు ఎరికే. పొద్దున్నే ఆరు లీటర్ల పులిహోర కలుపుడు, బూరెలు గోలిచ్చుడు, ముప్పై మందికి పెట్టుడు, ఆఖరికి సింకు కాడ నిలబడుడు. మొగోళ్ళు హాల్ల సోఫా దిగరు. పబ్‌ల అయితే ఎవలో వండుతరు, ఎవలో కడుగుతరు, నేను గూడ కుర్చీల కూసుంట. నాకు అది చాలు. నేను తాగ, జీరో గిన్నిస్ కూడ తాగ.

డ్రమ్‌కాండ్రా_డింకీ · 11:41
అక్కా, వంద లైకులు.

లూకన్_బాబాయ్ · మధ్యాహ్నం 1:15
అమ్మా, వంట కష్టమైతే క్యాటరింగ్ చెప్పుకుందాం, హాల్ తీసుకుందాం. ఆడవాళ్ళకి విశ్రాంతి ఇవ్వడానికి బార్ కౌంటర్ కావాలా? పిల్లలు చూస్తారు. నాన్న చేతిలో గ్లాసు చూసి పెరిగిన పిల్లలు రేపు ఏమవుతారు?

క్లోంటార్ఫ్_కాకినాడ · 1:32
పిల్లలు చూస్తారా? బాబాయ్ గారూ, పోయిన దీపావళికి మీ ఇంటికి నేనూ వచ్చాను. ఆడవాళ్ళు వంటింట్లో, పిల్లలు మేడమీద, మనం గరాజ్‌లో. లాన్ మోవర్ మీద ట్రే పెట్టి, తలుపు సగం దించి, ప్లాస్టిక్ గ్లాసుల్లో. మా పెద్దాడు వెతుక్కుంటూ వస్తే 'అంకుల్స్ కారు బాగు చేస్తున్నారు' అన్నారు మీరు. ఇంటికెళ్తూ వాడు అడిగాడు, 'నాన్నా, కారు లేదుగా అక్కడ' అని. బల్ల మీద అందరి ముందు ఒక్క గ్లాసు పెట్టుకోవడం కన్నా అది మేలా?

ఐదుగురం_ఒకే_రూం · 1:34
అయ్యబాబోయ్.

లూకన్_బాబాయ్ · 1:50
అన్నం పెట్టిన ఇంటి సంగతి ఇలా పదిమందిలో పెట్టారు. సంతోషం. ఇక మీదట గరాజూ లేదు, దీపావళీ లేదు.

మోడరేటర్ · 2:05
వ్యక్తిగత విషయాలు వద్దు. ఇంకోసారి అయితే ఈ చర్చ మూసేస్తాం.

ఎన్నిస్‌కోర్తీ_ఎర్రటోపీ · 4:20
నేను ఎప్పుడూ రాయను, ఒక్క మాట. పండగ ఎవరి పేరు మీదో ఆయన కూడా ఈ ఊరివాడు కాదు. బ్రిటన్ నుంచి పదహారేళ్ళ కుర్రాణ్ణి ఎత్తుకొచ్చి బానిసగా పశువులు కాయించారు. పారిపోయి, మళ్ళీ తనంతట తనే తిరిగొచ్చాడు. మనం వెళ్ళొచ్చా లేదా అని అనుమానపడాల్సిన పండగ కాదిది.

లూకన్_బాబాయ్ · రాత్రి 11:48
పశువులు కాసినాయనకి పండగ చేస్తారు. బస్సులో కూర్చున్నవాణ్ణి దిగి పొమ్మంటారు.
రాయకూడదనుకున్నాను. మా అబ్బాయికి పదిహేడు. ఇక్కడే పుట్టాడు. ఐరిష్ భాష వాడికి వచ్చినంత మా వీధిలో ఎవరికీ రాదు. కర్రతో ఆడే ఇక్కడి ఆట హర్లింగ్ ఆడతాడు. పోయిన ఆగస్టులో ప్రాక్టీసు నుంచి బస్సులో వస్తుంటే నలుగురు కుర్రాళ్ళు ఎక్కారు. చేతుల్లో బీరు డబ్బాలు. మీ దేశానికి పో అన్నారు. వాడి హర్లీ కర్ర లాక్కుని మెట్టు మీద పెట్టి కాలితో తొక్కి విరగ్గొట్టారు. బస్సులో ఇరవై మంది ఉన్నారు. వాడు ఇంటికొచ్చి కర్ర పోగొట్టుకున్నానని చెప్పాడు. వాళ్ళమ్మ తిట్టింది కూడా, ఖరీదైన వస్తువు అజాగ్రత్తగా పారేశావని. మూడు వారాల తర్వాత వాళ్ళ కోచ్ చెప్తే అసలు సంగతి తెలిసింది.
అదే ఆగస్టులో మన ఎంబసీ నోటీసు ఇచ్చింది, నిర్మానుష్యంగా ఉన్న చోట్లకి, వేళకాని వేళలో వెళ్ళొద్దని. ఇక్కడి ఇండియా డే వేడుక వాయిదా వేశారు. అప్పటి నుంచి చేతిలో డబ్బా ఉన్నవాణ్ణి చూస్తే నాకు వాడి మొహం కనపడదు, కర్ర కనపడుతుంది. ఊరంతా తాగే రోజున మా పిల్లల్ని బయటికి తేలేను. చట్టం, చర్చి, పచ్చడి అన్నీ నిజమే, కానీ అసలు సంగతి ఇది.

ఓరుగల్లు_సిస్టర్ · ఫిబ్రవరి 22, తెల్లవారు 5:10
అయ్యో బాబాయ్. ఎందుకు చెప్పలేదు మాకు?

లూకన్_బాబాయ్ · 6:30
చెప్తే ఏం చేస్తారమ్మా.

క్లోంటార్ఫ్_కాకినాడ · 9:15
గరాజ్ మాట రాసినందుకు క్షమించండి. చేతులు జోడించి అడుగుతున్నా.
మీకు జరిగినంత నాకు జరగలేదు. కానీ ఆ నెలలో నేనూ బయటికి రావడం మానేశాను, నడక కూడా. సెప్టెంబరులో ఒక సాయంత్రం ఇంట్లో ఊపిరాడక ఆ పబ్‌కి వెళ్ళాను. గిన్నిస్ పోయడం చూశారుగా. గ్లాసు వంచి ముప్పావు నింపుతాడు, పక్కన పెడతాడు. ఆ పాలరంగు నురగ గ్లాసు గోడల వెంట కిందికి జారుతూ జారుతూ నలుపూ తెలుపూ విడిపోయేదాకా ముట్టుకోడు. కంపెనీ లెక్కలో మొత్తం 119.5 సెకన్లు. ఆ రెండు నిమిషాలు మనవైపు చూస్తూ నిలబడాలి కదా, ఏదో ఒకటి మాట్లాడాలి. మామూలుగా వాన గురించే. ఆ రోజు మాత్రం ఆయన, 'మీ పిల్లలు స్కూలుకి ఎలా వెళ్తున్నారు, ఎవరైనా ఏమైనా అంటున్నారా' అని అడిగాడు. నాకు మాట రాలేదు. బిల్లు కాగితం వెనక ఫోన్ నంబరు రాసిచ్చి, చీకటి పడితే ఫోన్ చెయ్యి, నేనో మా అబ్బాయో వచ్చి దింపుతాం అన్నాడు. ఆ మాట నన్ను అడిగింది ఆయనొక్కడే. మన గ్రూపులో అందరం ఎంబసీ నోటీసు ఫార్వర్డ్ చేసుకున్నాం, నాతో సహా.
అందుకే ఆ గదే కావాలంటున్నాను. హాల్ తీసుకుని తలుపులేసుకుంటే మన మొహాలు మనమే చూసుకుంటాం. మీ అబ్బాయి ఎవరో ఆ వీధికి తెలియాలి.

లూకన్_బాబాయ్ · 9:40
మీకు మంచివాడు దొరికాడు, సంతోషం. ఆయన మీ వీధిలో ఉన్నాడు. మా వాడు ఎక్కిన బస్సులో లేడు. బస్సులో ఇరవై మంది మంచివాళ్ళే ఉండి ఉంటారు, నాకు అనుమానం లేదు.

క్లోంటార్ఫ్_కాకినాడ · 9:47
దానికి నా దగ్గర జవాబు లేదు.

స్వోర్డ్స్_పప్పుచారు · 10:02
ఇలాంటప్పుడు అడగడం బాగుండదేమో కానీ, నూనె సంగతి కనుక్కున్నారా?

క్లోంటార్ఫ్_కాకినాడ · 10:20
కనుక్కున్నా. చిప్స్‌కి వేరే ఫ్రయ్యర్ పెడతానన్నాడు. సూప్‌లో కూరగాయల నీళ్ళే. పేర్లు చెప్పండి, వెజ్ ఎంతమందో ఈ వారంలో ఇవ్వాలి. ఐదింటికి బయటపడతాం, ఇంకా వెలుతురుంటుంది. కార్లు ఉన్నవాళ్ళు మిగతావాళ్ళని ఇళ్ళ దాకా దింపుతారు. నాకు నాలుగు సీట్లున్నాయి.

ఐదుగురం_ఒకే_రూం · 10:24
మేం ఐదుగురం అన్నా.

ఓరుగల్లు_సిస్టర్ · 10:31
నాకు ఆ రాత్రి గూడ డ్యూటీనే. మూడింటి దాక ఉంట. నన్ను గూడ వెజ్‌ల రాయి తమ్మీ.

లూకన్_బాబాయ్ · మధ్యాహ్నం 12:15
మేము రావడం లేదు. అబ్బాయిని అడిగాను, వాడు వెళ్తానంటున్నాడు. వాణ్ణి ఎవరు దింపుతారో నాకు ఫోన్ చేసి చెప్పండి, ఇక్కడ రాయొద్దు.
పచ్చడి మాత్రం పబ్‌కి తీసుకెళ్ళొద్దు. పోయినేడు అమ్మ ఎండబెట్టి పంపిన వేపపువ్వు నా దగ్గర ఇంకా ఉంది. కావాల్సినవాళ్ళు బుధవారం సాయంత్రం ఇంటికొచ్చి పట్టుకెళ్ళండి. గరాజ్ వైపు నుంచి రండి, ముందు తలుపు గంట పనిచేయడం లేదు.