గోల్ఫ్ గ్రీన్‌కి బెజ్జాలు ఎప్పుడు కొట్టాలి? హైదరాబాద్ పట్టిక మన నెల్లూరుకి పనికొస్తుందా?

పెన్నాతీరం (నెల్లూరు)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక గోల్ఫ్ కోర్సులో 9 ఏళ్ళు గ్రీన్ల పని చేసి, 2022లో ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోయే దారిలో ఒక చిన్న ప్రాక్టీస్ మైదానం చూసుకుంటున్నాను. మూడు గ్రీన్లు, బంతులు కొట్టుకోవడానికి 3 ఎకరాల పచ్చిక, అంతే. ఆఫీసు గోడకి హైదరాబాద్ నుంచి తెచ్చిన పనుల పట్టిక అంటించి ఉంది. జూన్ మొదటివారంలో ఒకసారి, అక్టోబర్ మొదటివారంలో ఒకసారి గ్రీన్లకి బెజ్జాలు కొట్టి ఇసుక నింపాలని అందులో ఉంది. అక్టోబర్‌లో నేను కొట్టనంటున్నాను. మేనేజర్ సార్ కొట్టాల్సిందే అంటున్నారు. మీరేమంటారో చెప్పండి.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. గ్రీన్ అంటే జెండా, కప్పు (బంతి పడే గుంట) ఉండే నున్నటి చోటు. అక్కడ గడ్డి ఎత్తు 4 మిల్లీమీటర్లు. మనుషులు తొక్కి, రోలర్ తిరిగి నేల బిగుసుకుపోతుంది. పైన చచ్చిన కాడలన్నీ పేరుకుని పరుపులా మెత్త కడుతుంది. అందుకని 12 మిల్లీమీటర్ల వెడల్పున, మూడంగుళాల లోతున బెజ్జాలు తీసి, పైకొచ్చిన మట్టికడ్డీలు ఏరేసి, ఇసుక నింపుతాం. వేళ్ళకి గాలి ఆడుతుంది, నీళ్ళు దిగుతాయి. రెండంగుళాల ఎడంతో కొడితే చదరపు మీటరుకి దాదాపు 400 బెజ్జాలు. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కి బెజ్జాలు నింపి, పైన పల్చగా చల్లడానికి ఒక ట్రాక్టర్ ఇసుక అయిపోతుంది. గడ్డికి ఇది ఆపరేషన్. మానడానికి మంచి ఎండ, మూడు వారాల టైమ్ కావాలి.

హైదరాబాద్‌లో ఏడాది వానలో ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడిపోతుంది. అక్టోబర్‌లో ఆకాశం తేటపడుతుంది, గాయం మానుతుంది. మనకి అక్టోబర్‌లోనే అసలు వాన మొదలు. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లోనే పడుతుంది. మరి గాయం మానేదెప్పుడు?

2023లో నేను కొత్త, పట్టికలో ఉన్నట్టే చేశాను. అక్టోబర్‌లో బెజ్జాలు కొట్టాం. తర్వాత మబ్బులు, ముసురు. బెజ్జాలు సగం పూడాయి, సగం పూడలేదు. డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, అంతకుముందు రెండు రోజులు మన దగ్గర కుండపోత. వాన తగ్గిన నాలుగో రోజు రెండో గ్రీన్‌లో కప్పు మార్చడానికి కట్టర్ దింపాను. పైకి వచ్చిన మట్టిముద్ద చేతిలోకి తీసుకుంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. రెండంగుళాల కింద వేలెడు మందాన నల్లటి పొర. వేళ్ళు ఆ పొర దాకా వచ్చి ఆగిపోయాయి. ఒక వేరు పట్టుకుని లాగితే పైతోలు ఊడి, లోపలి దారం ఒక్కటే చేతికొచ్చింది. పైన బెజ్జాలున్న చోటల్లా నాచు. ఆ గ్రీన్ మళ్ళీ మామూలు కావడానికి మార్చి దాకా పట్టింది. ఆ ముద్ద ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

కావలి కోచ్

అన్నా, నీ బాధ అర్థమైంది. కానీ తప్పు బెజ్జాలది కాదు, నీళ్ళు పోయే దారి లేకపోవడం అనుకుంటున్నా. నేను క్రికెట్ కోచ్‌ని, నాకు తెలిసింది అవుట్‌ఫీల్డ్. వానలకి ముందు నేలని గుల్ల చేస్తే వాన లోపలికి దిగుతుంది, చేయకపోతే పైనే నిలబడుతుంది. మాకు నవంబర్‌లో ఒక వాన పడితే మూడు రోజులు ప్రాక్టీస్ పోతుంది. గుల్ల చేసిన ఏడాది ఒక్క రోజే పోయింది. నువ్వు భయపడి అక్టోబర్ అంతా గట్టి నేలని అలాగే వదిలేస్తే ఆ నల్లపొర ఇంకా మందంగా వస్తుందేమో చూసుకో.

ఇంకో సంగతి. సంక్రాంతి సెలవుల్లోనే మా దగ్గర టోర్నమెంట్లు. ఏ పనైనా దానికి రెండు నెలల ముందు అయిపోవాలి. ఫిబ్రవరిలో చేస్తానంటే ఆడేవాళ్ళు ఊరుకోరు.

ఒంగోలు పీడీ

నేను ఒంగోలు దగ్గర ఆడపిల్లల హైస్కూల్లో పీడీని, అంటే ఆటల టీచర్‌ని. ముందుగా ఒక మాట, నెల్లూరు, ప్రకాశం ఒకటే అనుకోవద్దు. మాకు వాన రెండు ముక్కలుగా వస్తుంది, ఆగస్టు సెప్టెంబర్లలో కొంత, అక్టోబర్ నవంబర్లలో కొంత. గిద్దలూరు వైపు పోతే అది మళ్ళీ వేరు. కాబట్టి నెల్లూరు లెక్క అని మీరు రాసింది మాకు నేరుగా సరిపోదు.

నాకు అంతకన్నా పెద్ద సందేహం ఉంది. బెజ్జాల గురించి ఇంత చర్చిస్తున్నారు, ఎండాకాలం నీళ్ళ గురించి ఎవరూ మాట్లాడరేం? ఎకరం పచ్చికకి రోజుకి 5 మిల్లీమీటర్ల నీళ్ళు పెడితే 20 వేల లీటర్లు. మీ 3 ఎకరాలకి 60 వేలు. మే నెలలో మా స్కూలు పక్క వీధిలో ట్యాంకర్ కోసం తెల్లవారుజామున నాలుగింటికే బిందెలు వరస పెడతారు. ఆ వీధిలోంచి వచ్చే పిల్లలకి పచ్చటి గ్రౌండ్ చూపించి ఆడమనడం నాకు చేతకాదు. మా గ్రౌండ్‌కి ఏప్రిల్ నుంచి చుక్క పోయను. ఎర్రగా ఎండుతుంది. జూలైలో రెండు వానలకి మళ్ళీ చిగురిస్తుంది. గరిక కదండీ, అది చావదు.

పెన్నాతీరం (నెల్లూరు)

మేడమ్, నీళ్ళ సంగతి మీరు అన్నది నిజం. మా 3 ఎకరాల పచ్చిక కూడా మామూలు గరికే. ఏప్రిల్ 15 తర్వాత దానికి నీళ్ళు ఆపేయించాను. మొదటి ఏడాది సభ్యులు గొడవ చేశారు, ఇప్పుడు అలవాటైంది. గ్రీన్ల సంగతి వేరు. వాటి మీద ఉన్నది టిఫ్‌డ్వార్ఫ్. అమెరికాలో జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లోని పరిశోధన కేంద్రం 1965లో బయటికి ఇచ్చిన రకం. మన గరికకీ, ఆఫ్రికా గరికకీ కలిసి పుట్టింది. విత్తనం కట్టదు, కాడలతోనే నాటాలి. 4 మిల్లీమీటర్లకి కోసేస్తాం కాబట్టి దాచుకున్న బలం తక్కువ. రోహిణి కార్తెలో పడమటి గాలికి రెండు రోజులు వదిలేస్తే వచ్చే ఏడాది కాడలు కొనుక్కోవాల్సిందే. మూడు గ్రీన్లకీ కలిపి రోజుకి 7,500 లీటర్లు పెడతాను, అదీ తెల్లవారుజామున. రాత్రి పెడితే ఆకు తడిగా ఉండి తెగులు వస్తుంది. ఆ నీళ్ళు మా బోరువి, ఉప్పగా ఉంటాయి, తాగడానికి పనికిరావు. అయినా మీరు అడిగింది అడగాల్సిన మాటే.

కోచ్ గారూ, జవాబు రాసేముందు ఒకటి అడుగుతాను. మీరు గుల్ల చేయడం అంటే మట్టి బయటికి తీస్తారా, ఊచలు గుచ్చి వదిలేస్తారా?

కావలి కోచ్

ఊచలే. ఇనప పళ్ళ రోలర్ తిప్పుతాం. మట్టి బయటికి రాదు.

కొత్తపట్నం ఏజీ

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ చదివాను, మాది సముద్రం పక్కన ఊరు. పెన్నాతీరం అన్న ఒక మాట అలా అనేసి వెళ్ళిపోయాడు. బోరు నీళ్ళు ఉప్పన. నాకైతే ఈ చర్చ మొత్తంలో అసలు విషయం అదే.

ఫిబ్రవరి నుంచి సెప్టెంబర్ దాకా ఉప్పు నీళ్ళు పెడుతున్నారు. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు నేలలోనే ఉంటుంది. అందులో సోడియం ఎక్కువుంటే బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ మూసుకుంటాయి. నేల ఊపిరాడక బిగుస్తుంది. దాన్ని కడగడానికి మంచినీళ్ళు కావాలి. మనకి ఏడాదిలో అన్ని మంచినీళ్ళు ఉచితంగా దొరికేది ఈశాన్య రుతుపవనాలప్పుడే. అవి దిగాలంటే దారి ఉండాలి. దారి లేకపోతే వాన పైనుంచి జారి కాలువలోకి పోతుంది, ఉప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి వానలకి ముందు బెజ్జాలు వద్దే వద్దంటే నేను ఒప్పుకోను అన్నా. కోచ్ గారు చెప్పినదానికి అసలు కారణం ఇది. బెజ్జాల్లో ఇసుకతో పాటు పైన జిప్సం కూడా చల్లితే, అందులోని కాల్షియం సోడియాన్ని మట్టి నుంచి విడదీస్తుంది. ఆ విడిపోయిన సోడియాన్ని వాననీళ్ళు కిందికి తీసుకుపోతాయి. జిప్సం వేసి వాన దిగనివ్వకపోతే ఉపయోగం లేదు.

మీరు 2023లో చూసిన నల్లపొర, కోడిగుడ్డు వాసన గాలి అందక వచ్చినవి. నీళ్ళు కింద ఎక్కడో ఆగాయి. ఆ గ్రీన్ కింద కంకర పొర ఉందా? లెక్క ప్రకారం కట్టిన గ్రీన్‌లో 30 సెంటీమీటర్ల ఇసుక, దాని కింద 10 సెంటీమీటర్ల కంకర, ఆ కంకరలో పైపులు ఉండాలి.

పెన్నాతీరం (నెల్లూరు)

కంకర లేదు తమ్ముడూ. పొలం మట్టి మీద తొమ్మిదంగుళాల ఇసుక పోసి గడ్డి నాటారు. మేనేజర్ సార్‌కి కూడా ఈ మధ్యే తెలిసింది.

ఉప్పు సంగతి నువ్వు చెప్పాక నిన్న రాత్రి చాలాసేపు ఆలోచించాను. వానలకి ముందు దారి ఉండాలి, ఒప్పుకుంటున్నాను. కానీ దారి వేరు, పచ్చిగాయం వేరు. వాన వచ్చేసరికి బెజ్జంలో ఇసుక కుదురుకుని, పైన గడ్డి మూసుకుని ఉండాలి. అప్పుడు నీళ్ళు ఆ ఇసుక దారిన దిగుతాయి, పైన నాచుకి చోటుండదు. అంటే పని ఆగస్టులో అయిపోవాలి. ఎండ ఉంటుంది, వేడి ఉంటుంది, అప్పుడప్పుడు సాయంత్రం జల్లు కూడా పడుతుంది. గరిక జాతి గడ్డి వేగంగా పాకేది అప్పుడే. పట్టికలో జూన్ మొదటివారం అన్నది కూడా మనకి కుదరదు. హైదరాబాద్‌లో అప్పటికి తొలకరి వస్తుంది, మనకి ఇంకా వడగాలులే. ఆ గాలిలో బెజ్జాలు తెరిచిపెడితే వేళ్ళు మాడిపోతాయి.

ఎరువు విషయంలోనూ పట్టిక తప్పే. సెప్టెంబర్ చివర యూరియా అని ఉంది. వానలకి ముందు యూరియా వేస్తే ఆకు మెత్తబడి, మబ్బు రోజుల్లో తెగులుకి తేలిగ్గా దొరికిపోతుంది. నేను పొటాష్ వేస్తాను. రంగు తగ్గిందని ఎవరైనా అడిగితే అన్నభేది (ఐరన్ సల్ఫేట్) పల్చగా పిచికారీ చేస్తాను, పెరుగుదల లేకుండా పచ్చదనం వస్తుంది. వానల మూడు నెలలూ కోత ఎత్తు 4 నుంచి 5 మిల్లీమీటర్లకి పెంచుతాను. ఎండ తక్కువున్నప్పుడు ఆకు కాస్త ఎక్కువుండాలి. బంతి నెమ్మదిగా దొర్లుతుందని ఆటగాళ్ళు అంటారు, అననివ్వండి.

బుచ్చి రైతు

నాకు ఆ ఆట తెలియదు. మా అబ్బాయి చూపిస్తే చదివాను. బుచ్చిరెడ్డిపాళెంలో వరి పండిస్తాం. మా పెద్దపంట రబీనే, తెలంగాణ వాళ్ళలాగా జూన్‌లో ఏరువాక మాకు కుదరదు. నేల ఒకటే కదా, వరికైతే ఒక లెక్క గడ్డికైతే ఒక లెక్క ఉంటుందా? మీరు ఆగస్టు ఆగస్టు అంటున్నారే, దాన్ని మేం మఖ కార్తె అంటాం, ఆగస్టు 17 ప్రాంతంలో వస్తుంది. దాని తర్వాత పుబ్బ, ఉత్తర. హస్త, చిత్త వచ్చేసరికి నీ గాయం మానిపోయుంటే నీకు దిగులు లేదు అబ్బాయ్. స్వాతి, విశాఖ కార్తెల్లో గ్రీన్ మీద పని పెట్టుకోవద్దు. ఆ తుంగ గడ్డలు మాత్రం జాగ్రత్త, నేల ఎక్కడ తెరుచుకుంటే అక్కడ లేస్తాయి.

కొత్తపట్నం ఏజీ

బాబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు. తుంగ గడ్డ ఒక్కటి ఇసుకలో వచ్చిందంటే గ్రీన్ అంతా పాకుతుంది. ఇసుక జల్లెడ పట్టించు అన్నా, సముద్రపు ఇసుక మాత్రం వద్దు. రేణువు పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు లోపు ఉండేది ఎక్కువుండాలి.

కొత్త సభ్యుడు

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. ఢిల్లీ కోర్సుల్లో చలికాలం రై గడ్డి చల్లుతారట. మనమూ చల్లాలా?

పెన్నాతీరం (నెల్లూరు)

అక్కర్లేదు. అక్కడ చలికి గరిక నిద్రపోయి గోధుమరంగుకి వస్తుంది, అందుకని పైన చల్లుతారు. మనకి జనవరి రాత్రుల్లో కూడా అంత చలి ఉండదు, గడ్డి పెరుగుతూనే ఉంటుంది. మనకి చలికాలం పని మంచు దులపడం. పొద్దున ఆరింటికి ఇద్దరం చెరో కొసా పట్టుకుని తాడు గ్రీన్ మీదుగా లాగుతాం. మంచు నిలిచిన చోట రూపాయి బిళ్ళంత మచ్చలు వస్తాయి, దగ్గరగా వంగి చూస్తే వాటి మీద సాలెగూడులాంటి సన్నటి దారాలు. ఎండెక్కాక ఆ దారాలు కనపడవు, మచ్చ మాత్రం ఉంటుంది.

ఒంగోలు పీడీ

మఖ కార్తె మాకు కూడా కుదురుతుంది అనుకుంటున్నాను, ఆగస్టు వానలు ఎక్కువున్న ఏడాది తప్ప. నీళ్ళ విషయంలో మాత్రం నా మాట మారదు. ఉప్పు నీళ్ళైనా భూమిలోంచి తోడేవే. మీరు తోడుతుంటే సముద్రపు నీరు లోపలికి జరుగుతుంది, పక్క ఊరి చేదబావి ఉప్పెక్కుతుంది. మూడు గ్రీన్లు రెండైతే ఏమవుతుందో మీ సార్‌ని అడగండి.

పెన్నాతీరం (నెల్లూరు)

అడుగుతాను మేడమ్. మూడోది మే, జూన్ నెలల్లో మూసేయొచ్చేమో చూస్తాం.

కావలి కోచ్

సరే అన్నా, మట్టి తీసే పెద్ద బెజ్జాలు ఆగస్టులో అంటే నేను కాదనను. నా సంక్రాంతి టోర్నమెంట్‌కి కూడా అదే మంచిది. కానీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నేలని ముట్టుకోవద్దు అంటే మాత్రం ఒప్పుకోను. రెండు వానల మధ్య తెరిపి దొరికినప్పుడు నేను ఊచలు గుచ్చుతాను, నువ్వూ గుచ్చు. నీ గ్రీన్ కింద కంకర లేదంటున్నావు, నాకన్నా నీకే ఎక్కువ అవసరం. గ్రీన్‌కి ఎంత లావు ఊచ, ఎంత లోతు వాడతావో చెప్పు.

పెన్నాతీరం (నెల్లూరు)

గుచ్చుతాను. 6 మిల్లీమీటర్ల ఊచ, నాలుగంగుళాల లోతు. అదే రోజు సాయంత్రానికి బెజ్జం కనపడదు. నేల తేమగా ఉన్నప్పుడే గుచ్చాలి, ఊచకి మట్టి అంటుకుని వస్తుంటే ఆ రోజుకి ఆపేయాలి. ఆగస్టు 18న మొదటి గ్రీన్ మొదలుపెడుతున్నాను. ఆ రోజు తీసిన మట్టికడ్డీల ఫోటో ఇక్కడే పెడతాను, వేరు ఎంత లోతుందో మీరే చూసి చెప్పండి.