పరంగిపేటలో మెరైన్ బయాలజీ చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. మా చెల్లి బీఎస్సీ జువాలజీ పూర్తి చేసింది. తమిళనాడులో అన్నామలై యూనివర్సిటీ వాళ్ల మెరైన్ బయాలజీ సెంటర్లో ఎమ్మెస్సీ చేస్తానంటోంది. అది చిదంబరం మెయిన్ క్యాంపస్‌లో కాదు, వెల్లార్ నది సముద్రంలో కలిసే చోట, పరంగిపేటలో ఉంది. దగ్గర్లోనే పిచ్చావరం మడ అడవులు. కోరంగి వెళ్తే చెక్క వంతెన మీద వంగి, బురదలో గెంతే చేపల్ని గంటలకొద్దీ చూసే పిల్లకి అంతకంటే మంచి చోటు ఉండదని నా నమ్మకం.

ఇంట్లో మాత్రం ఒకటే టెన్షన్. అమ్మాయిలకి హాస్టల్ పరంగిపేటలోనే ఉంటుందా, చిదంబరం నుంచి రోజూ తిరగాలా? తమిళం రాకపోతే ఇబ్బందా? పడవల్లో శాంపిల్స్‌కి వెళ్లేటప్పుడు లైఫ్ జాకెట్లు ఇస్తారా? తనకి ఈత రాదు. అమ్మ భయమంతా అదే.

విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ మెరైన్ కోర్సులున్నాయి కదా, ఇంటికి దగ్గర అని నాన్న అంటున్నారు. రెండూ తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి: ఫీల్డ్ వర్క్ ఎక్కడ ఎక్కువ? తర్వాత ఎన్‌ఐఓ, సీఎంఎఫ్ఆర్ఐ లాంటి సముద్ర పరిశోధన సంస్థల ప్రాజెక్టుల్లో చేరాలంటే ఏది మేలు?